వంటింటి ప్రశ్నలు: ఈ నెల అంతా గ్రీకు పెరుగే

పోయిన నెల ఇదే పేజీలో మాటవరసకి ఒక ముక్క రాశాను, "ఏథెన్స్‌లో ఉన్న నాలుగేళ్లలో అక్కడివాళ్ల నోట 'గ్రీక్ యోగర్ట్' అన్న మాట ఒక్కసారి కూడా వినలేదు" అని. దానికి వచ్చినన్ని ఉత్తరాలు గోంగూర గురించి రాసినప్పుడు కూడా రాలేదు. సగం మంది ఆశ్చర్యపోయారు, సగం మంది నన్ను కోప్పడ్డారు. అందుకని ఈసారి మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టేశాను.

ప్ర: మేడమ్, గ్రీక్ యోగర్ట్ అంటే పెరుగును గుడ్డలో మూటగట్టి నీళ్లు కారేదాకా వేలాడదీయడమే కదా? మా పక్కింటి మరాఠీ వాళ్లు శ్రీఖండ్ కోసం ఎప్పట్నుంచో చేస్తున్నదే. పేరు మార్చి నాలుగు రెట్ల ధరకి అమ్ముతున్నారు. ఇది మోసం కాదా? (హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు)

జ: మోసం అనను గానీ, మీకు తెలిసింది సగమే. గ్రీసులో పెరుగుని "యఊర్తి" అంటారు. అందులో రెండు రకాలు. ఒకటి మీరన్నదే, గుడ్డసంచిలో పోసి నీళ్లు వార్చిన పెరుగు. దాన్ని "స్త్రంగిస్తో" అంటారు, వడగట్టినది అని అర్థం. పాతకాలం వాళ్లు "సంచి పెరుగు" అని కూడా అంటారు. ప్రపంచమంతా గ్రీక్ యోగర్ట్ పేరుతో కొంటున్నది దీన్నే. కిలో స్త్రంగిస్తో చేయాలంటే మూడు నాలుగు లీటర్ల పాలు పోయాలి, కాబట్టి ధరలో కొంత న్యాయం ఉంది. మిగతాది డబ్బా మీద బొమ్మకి.

రెండోదాన్ని అసలు వడగట్టరు. దాని పేరు "పరదోస్యకో", అంటే సంప్రదాయంగా చేసింది. నాకు గ్రీకు పెరుగంటే ఇదే. ఎక్కువగా గొర్రె పాలతో చేస్తారు. ఆవు పాలలో వెన్న నూటికి మూడున్నర, నాలుగు పాళ్లుంటే గొర్రె పాలలో ఆరు, ఏడు ఉంటుంది, మాంసకృత్తులు కూడా ఐదు పాళ్లు పైమాటే. అంత చిక్కటి పాలు కాబట్టి ఏమీ వార్చకుండానే చెంచా నిలబడేంత గట్టిగా తోడుకుంటుంది. చేసే పద్ధతి చూస్తే మీకు మన ఇల్లే గుర్తొస్తుంది. పాలు బాగా మరగకాచి, వేడి మీదే చిన్న చిన్న మట్టి గిన్నెల్లో పోసేస్తారు. చల్లారే కొద్దీ పైన మీగడ కడుతుంది. గోరువెచ్చగా అయ్యాక ఆ మీగడ చిరగకుండా, గిన్నె పక్కనుంచి మెల్లిగా కిందికి తోడు వదులుతారు. ఆ మీగడ తొడుగుని "పెత్సా" అంటారు, ఇంట్లో దాని కోసం పిల్లలు కొట్టుకుంటారు. పిల్లలేంటి, మా ఆయన కూడా.

ఇప్పుడు చెప్పండి, గేదె పాలు పిడకల దాలి మీద పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఎర్రగా కాగి, రాత్రి తోడు పెడితే పొద్దున్నకి పైన అంగుళం మందం మీగడ కట్టిన పెరుగు మన ఊళ్లలో తిన్నవాళ్లకి ఆ మట్టిగిన్నె పెరుగు కొత్తగా ఉంటుందా? గేదె పాలలోనూ వెన్న ఏడు పాళ్ల దాకా ఉంటుంది. గ్రీకుల అసలు పెరుగుకి మన గడ్డపెరుగు చుట్టమవుతుంది, సూపర్‌మార్కెట్‌లో కనిపించే ప్రోటీన్ డబ్బా ఏమీ కాదు.

ప్ర: అమ్మాయీ, నా వయసు 74. గొర్రె పాలతో పెరుగంటే నమ్మబుద్ధి కావడం లేదు. వాసన రాదూ? ఆవులకేమొచ్చింది అక్కడ? (ఒంగోలు నుంచి ఒక పెద్దాయన)

జ: వస్తుందండీ, కొంచెం. మొదటి చెంచాకి నేనూ మొహం పక్కకి తిప్పాను. రెండో వారానికి ఆవు పాల పెరుగు నీళ్లలా అనిపించడం మొదలైంది. గ్రీసు కొండల దేశం, వేసవిలో ఎండిపోతుంది. ఆవు కడుపు నింపే పచ్చిక బయళ్లు తక్కువ, గొర్రె మేకలు ఎక్కి తినే పొదలు ఎక్కువ. ఈరోజుకీ ఆ దేశంలో గొర్రె మేకల పాలు కలిపితే ఆవు పాలకంటే ఎక్కువే. మనం గొర్రెల్ని మాంసానికీ ఉన్నికీ పెంచుతాం కాబట్టి వింతగా ఉంటుంది, అంతే.

ప్ర: నేను వంటల వీడియోలు చేస్తుంటాను. గ్రీసులో మామూలు ఇళ్లలో రోజూ పెరుగును వంటలో ఎలా వాడతారు? మనలా అన్నంలో కలుపుకుంటారా? కూరల్లో వేస్తారా? నేను ఆ డబ్బా పెరుగు కూరలో వేస్తే విరిగి ముక్కలైపోయింది. (విశాఖపట్నం)

జ: మీకు విరిగిందంటే మంట మీద వేసి ఉంటారు. గ్రీకు వంటిల్లు చాలావరకు ఆ పని చేయదు. అక్కడ పెరుగు పొయ్యి దాకా రాదు, బల్ల మీదే ఉంటుంది. మా కింది పోర్షన్‌లో ఒక పెద్దావిడ ఉండేది, నేను "కిరియా" అని పిలిచేదాన్ని, మన "అమ్మగారు" లాంటి మాట. ఆవిడ వారంలో నాలుగు రోజులు వండేవి ఏంటంటే, టమాటాలు, కాప్సికమ్‌ల కడుపులో బియ్యం కూరి ఓవెన్‌లో పెట్టిన "యెమిస్తా", ద్రాక్ష ఆకుల్లో అన్నం చుట్టిన దోల్మాలు, పాలకూర అన్నం, జుకినీ తురిమి వేయించిన వడల్లాంటివి. వీటన్నిటి పక్కనా ఒక గిన్నె పెరుగు. ఉప్పు లేదు, పోపు లేదు, కలపడం లేదు. వేడి ముక్క మీద చల్లటి పెరుగు ఒక చెంచా పడేసుకుని తినడమే. సాదా అన్నం, దాన్ని "పిలాఫీ" అంటారు, దాని పక్కన కూడా పెడతారు కానీ మనలా చేత్తో పిసికి కలిపెయ్యరు, రెండూ పక్కపక్కనే ఉంటాయి.

పెరుగు పచ్చళ్లు కూడా ఉన్నాయి. ఉడికించిన బీట్‌రూట్ ముక్కల్లో పెరుగు, వెల్లుల్లి, అక్రోట్లు వేసి కలుపుతారు. అచ్చం మన బీట్‌రూట్ పెరుగు పచ్చడే, తాలింపు బదులు ఆలివ్ నూనె. నాకు మన తాలింపే నచ్చుతుంది, ఈ విషయంలో పక్షపాతం ఒప్పుకుంటాను.

పొయ్యి ఎక్కే పెరుగు కూడా లేకపోలేదు. ఉత్తర గ్రీసు వైపు గొర్రెపిల్ల మాంసం ముందు ఉడికించి, దాని మీద పెరుగులో గుడ్లు, కాస్త పిండి వేసి గిలకొట్టిన మిశ్రమం పోసి ఓవెన్‌లో పైన ఎర్రబడేదాకా కాలుస్తారు. గుడ్డూ పిండీ ఎందుకనుకున్నారు? పెరుగు విరక్కుండా పట్టి ఉంచడానికి. మనం మజ్జిగ పులుసులో శనగపిండి కలిపేది ఎందుకో అందుకే. మీరు ఈసారి కూరలో వేయాలనుకుంటే పెరుగుని గది వేడికి రానిచ్చి, చెంచా పిండి కలిపి, మంట తగ్గించి కొంచెం కొంచెంగా వేయండి. లేదంటే కిరియా మాట వినండి, స్టవ్ ఆపేశాక వేయండి.

"యఊర్త్‌లూ" అని ఒక కెబాబ్ ఉంది, పేరులోనే పెరుగుంది. రొట్టె ముక్కల మీద టమాటా సాస్, దాని మీద కెబాబ్‌లు, దాని మీద పెరుగు. 1922లో చిన్న ఆసియా, అంటే ఇప్పటి టర్కీ నుంచి కట్టుబట్టలతో వచ్చిన గ్రీకు కుటుంబాల వంటిళ్లనుంచి ఇలాంటివి గ్రీసు అంతటా పాకాయి. తీపిలోకి వస్తే "యఊర్తోపిత" అనే పెరుగు కేకు, నిమ్మతొక్క వాసనతో ఉంటుంది. పెరుగు డబ్బానే కొలగిన్నెగా పెట్టుకుని చక్కెరా పిండీ దానితోనే కొలిచి చేసేవాళ్లున్నారు, మా కిరియా అదే బాపతు.

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది "త్రహనాస్". ఎండాకాలం చివర్లో, పాలు పులిసినా పెరుగు మిగిలినా పారబోయకుండా గోధుమ రవ్వో పిండో కలిపి ముద్ద చేసి, బట్టల మీద చిన్న ముక్కలుగా పెట్టి ఎండకి ఆరబెడతారు. ఎండాక నలిపి రవ్వలా చేసి సంచుల్లో దాచుకుంటారు. చలికాలం రాత్రి గుప్పెడు తీసి నీళ్లలో ఉడికిస్తే పుల్లటి చిక్కటి జావ, మీద చీజ్ ముక్కలు. మేడ మీద బట్టలు పరిచి ఆరబెట్టిన వాటిని చూసి నేను చల్ల మిరపకాయలు, వడియాలు గుర్తుచేసుకుని కాసేపు అక్కడే నిలబడిపోయాను. ఎండ ఉన్న ఊళ్లన్నిటికీ ఒకే ఆలోచన వస్తుంది కాబోలు.

ప్ర: పెరుగులో తేనె వేసుకుంటారట కదా. మా అత్తగారు విషమంటున్నారు. (నిజామాబాద్)

జ: తేనె, నెయ్యి సమపాళ్లలో కలపకూడదన్నది ఆయుర్వేదంలో ఉన్న మాట. మీ అత్తగారు దాన్ని పెరుగుకి కూడా అంటగట్టి ఉంటారు. గ్రీసులో అది మామూలు తిండి, థైమ్ పూల తేనె, పైన అక్రోట్లు. ఏథెన్స్‌లో ఒమోనియా కూడలి దగ్గర "స్తాని" అని 1931 నాటి పాల కొట్టు ఉంది, ఇలాంటి కొట్లు ఒకప్పుడు వీధివీధికీ ఉండేవట, ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అక్కడ గొర్రె పెరుగు మీద తేనె పోసి ఇస్తారు. క్రీట్ దీవిలో హనియా నుంచి రెథిమ్నో వెళ్లే దారిలో వ్రిసెస్ అనే ఊరు ఈ ఒక్క తిండికే పేరు పడింది, ఏటి ఒడ్డున చెట్ల కింద కూర్చుని తింటారు. తేనె వద్దనుకుంటే పుల్ల చెర్రీల్లాంటి పళ్లు పాకంలో ఉడికించిన "చెంచా తీపి" వేసుకుంటారు. ఇంతకీ ఇది పొద్దున టిఫిన్ కంటే మధ్యాహ్నం భోజనం తర్వాతే ఎక్కువ తినడం చూశాను. అత్తగారితో గొడవ వద్దు, ఆవిడకి బెల్లం వేసి ఇవ్వండి.

ప్ర: జాట్జికి, అదే గ్రీకుల కీరా పెరుగు పచ్చడి, చేశాను. గంటలో నీళ్లు కారిపోయి పలచటి రైతాలా అయింది. ఎక్కడ తప్పు? (గుంటూరు)

జ: కీరా దగ్గర. తురిమి ఉప్పు జల్లి అరగంట ఉంచి, రెండు చేతులతో గట్టిగా, ఇంకా గట్టిగా పిండాలి. గుడ్డలో వేసి పిండితే ఇంకా మంచిది. అరకిలో స్త్రంగిస్తోకి ఒక కీరా, రెండు వెల్లుల్లి రెబ్బలు ఉప్పుతో మెత్తగా నూరి, చెంచా వెనిగర్, మూడు చెంచాల ఆలివ్ నూనె, సన్నగా తరిగిన సోయకూర. అంతే. ఇక్కడ మాత్రం వడగట్టిన పెరుగే వాడాలి, గడ్డపెరుగు ఎంత గట్టిదైనా పనికిరాదు. రెండు మూడు గంటలు ఫ్రిజ్‌లో పెడితే వెల్లుల్లి సర్దుకుంటుంది. ఇది రైతాలా అన్నంలోకి కాదు, రొట్టెతో, వేయించిన కూరగాయలతో, కాల్చిన మాంసంతో అద్దుకునేది. ఈ పేరు టర్కీ వాళ్ల "జజిక్" నుంచి వచ్చింది. వాళ్లది నీళ్లగా ఉంటుంది, కాబట్టి మీరు చేసింది ఆ లెక్కన తప్పేమీ కాదు!

ప్ర: అక్కా, ఇక్కడ డల్లాస్‌లో అల్మారా నిండా గ్రీక్, గ్రీక్ స్టయిల్ అని ఇరవై రకాలు. పెరుగన్నానికి ఏది కొనాలో తెలియక టెన్షన్. ఈ రెండు మాటలకీ తేడా ఉందా? జిమ్‌లో ప్రోటీన్ కోసం తినమంటున్నారు, అదీ చెప్పండి.

జ: అమెరికాలో ఆ మాటలకి గట్టి కట్టుబాటు లేదు, బ్రిటన్‌లో ఉంది. అక్కడ దీని మీద పెద్ద కేసే నడిచింది. ఫాయె అనే కంపెనీ, 1926లో ఏథెన్స్‌లో ఫిలిప్పు కుటుంబం పెట్టిన పాల కొట్టు నుంచి పెరిగింది, గ్రీకులో "ఫాయె" అంటే "తిను" అని. ఇంకోటి చొబానీ, టర్కీలో పుట్టిన హమ్ది ఉలుకాయ 2005లో న్యూయార్క్ రాష్ట్రంలో మూతబడ్డ ఫ్యాక్టరీ కొని మొదలుపెట్టాడు. చొబానీ అమెరికాలో చేసిన పెరుగుని బ్రిటన్‌లో "గ్రీక్ యోగర్ట్" పేరుతో అమ్మబోతే ఫాయె కోర్టుకెక్కింది. 2013లో ఫాయె గెలిచింది, 2014లో అప్పీలులోనూ గెలిచింది. అంటే బ్రిటన్‌లో గ్రీసులో చేసిన వడగట్టిన పెరుగునే ఆ పేరుతో అమ్మాలి, మిగతావాళ్లు "గ్రీక్ స్టయిల్" అని రాసుకోవాలి. నాకు నవ్వొచ్చేది ఏంటంటే, "యోగర్ట్" అన్న మాటే టర్కీ భాషది, గ్రీకుల "యఊర్తి" కూడా అక్కడినుంచి వచ్చిందే. ప్రాచీన గ్రీకులకి పులిసిన పాలుండేవి, "ఒక్సిగాలా" అనేవాళ్లు, వైద్యుడు గాలెన్ దాని గురించి రాశాడు కూడా. కానీ పేరు నిలబడలేదు.

నీకు పనికొచ్చే సంగతి, డబ్బా వెనక్కి తిప్పి చూడు. పాలు, పెరుగు తోడు, ఈ రెండే ఉండాలి. పిండి పదార్థం, జెలటిన్, పాలపొడి కనిపిస్తే అది వడగట్టకుండా గట్టిపరిచిన సరుకు. ప్రోటీన్ సంగతి నిజమే, వడగట్టినదాంట్లో 100 గ్రాములకి తొమ్మిది పది గ్రాములుంటుంది, మామూలు పెరుగులో మూడు నాలుగు. కానీ కారిపోయిన నీళ్లతో కొంత కాల్షియం కూడా పోతుందని జిమ్ వాళ్లు చెప్పరు. పెరుగన్నానికైతే ఇది కొనకు తల్లీ, నీళ్లు తీయడానికి డబ్బులిచ్చి ఇంటికొచ్చి మళ్లీ పాలు పోసి పలచన చేయడం ఏంటి! సాదా, కొవ్వు తీయని పెరుగు కొనుక్కో.

ప్ర: పరదోస్యకో రకం ఇంట్లో గేదె పాలతో చేయొచ్చా? (కరీంనగర్)

జ: హాయిగా. ప్యాకెట్ పాలు వద్దు, వాటిలో వెన్నని విడగొట్టి కలిపేసి ఉంటే పైన మీగడ సరిగా కట్టదు, తెలిసినవాళ్ల దగ్గర పాలు పోయించుకోండి. పొంగు వచ్చాక సన్న మంట మీద ఇంకో పది పదిహేను నిమిషాలు మరగనివ్వండి. ఎక్కువ కాచిన పాలు గట్టిగా తోడుకుంటాయి, ఎందుకంటే ఆ వేడికి పాలలో నీళ్లతో పోయే మాంసకృత్తులు కూడా మారి గడ్డకట్టేవాటికి అతుక్కుంటాయి. వేడిగానే మట్టి మూకుళ్లలో, కాస్త ఎత్తునుంచి నురగ వచ్చేలా పోయండి. కదపొద్దు. వేలు పెట్టి పది లెక్కపెట్టేంత వేడికి వచ్చాక, అది సుమారు 43 నుంచి 45 డిగ్రీలు, చెంచా పెరుగుని రెండు చెంచాల గోరువెచ్చని పాలలో కలిపి మీగడ అంచు దగ్గర చిన్న కంత చేసి అక్కడినుంచి వదలండి. కంబళి కప్పి ఐదారు గంటలు. వాళ్ల తోడులో ఉండే సూక్ష్మజీవులకి మన పెరుగువాటికంటే వేడి ఎక్కువ ఇష్టం. మన ఇంటి తోడుతో చేస్తే రుచి మనదే వస్తుంది, రూపం వాళ్లది. నాకు అభ్యంతరం లేదు.

ప్ర: గ్రీసులో నాయకుల మీద పెరుగు విసురుతారట, నిజమేనా? (ఒక డిగ్రీ విద్యార్థి)

జ: నిజమే, దానికి "యఊర్తోమా" అని పేరు కూడా ఉంది. 1950ల్లో కుర్రాళ్లు దారినపోయే పెద్దవాళ్ల మీద విసరడం మొదలుపెడితే 4000/1958 నంబరు చట్టం తెచ్చి, పట్టుబడ్డవాళ్లకి గుండు గీయించి వీధుల్లో తిప్పారు. అప్పుల సంక్షోభం రోజుల్లో మళ్లీ నాయకుల మీదికి మళ్లింది. నువ్వు ప్రయత్నించకు, ఇక్కడ లీటరు పాలు ఎంతుందో మీ అమ్మని అడుగు.

ప్ర: గ్రీకులకీ ఉపవాసాలున్నాయటగా. ఏకాదశి నాడు మనం పాలు, పెరుగుతో సరిపెట్టుకున్నట్టు వాళ్లూ చేస్తారా? (రాజమండ్రి)

జ: సరిగ్గా తిరగేసి. ఈస్టర్ ముందు వచ్చే నలభై రోజుల దీక్షలో మాంసంతో పాటు పాలు, పెరుగు, చీజ్, గుడ్లు అన్నీ నిషిద్ధం. నిష్ఠగా ఉండేవాళ్లు బుధ, శుక్రవారాలు కూడా ముట్టరు. దీక్షకి ముందు వారం మాత్రం చీజ్ వారం, ఇంట్లో ఉన్న పాల సరుకంతా అప్పుడే ఖాళీ చేస్తారు. మా కిరియా ఆ నలభై రోజులూ ఎదురుగా పెరుగు తింటున్న నన్ను చూసిన చూపు మర్చిపోలేను.

ప్ర: వచ్చే నెల మేమిద్దరం గ్రీసు వెళ్తున్నాం. శాకాహారులం, రోజుకొక్కసారైనా పెరుగన్నం లేకపోతే మావారికి తిన్నట్టుండదు. దొరుకుతుందా? (అనంతపురం)

జ: పెరుగు ఎక్కడైనా దొరుకుతుంది, అన్నం అడిగి చేయించుకోవాలి. కొట్లో "ప్రోవియో" అంటే గొర్రెది, "అయెలదినో" అంటే ఆవుది. మీవారికి అయెలదినో అడగండి, మీరు మట్టిగిన్నెలో ప్రోవియో రుచి చూడండి. ఉత్తరం వైపు వెళ్తే "అరియాని" అని ఉప్పేసిన మజ్జిగ కూడా దొరుకుతుంది. ఆవాలు, ఎండుమిర్చి పొట్లం కట్టి తీసుకెళ్లండి. ఇంకో మాట, ఎవరింట్లోనైనా పెరుగన్నం కలిపి తినేటప్పుడు జాగ్రత్త. నేను మొదటిసారి పోపు పెట్టి, దానిమ్మ గింజలు జల్లి ముచ్చటగా కిరియాకి ఒక గిన్నె ఇచ్చాను. వాళ్లకి మెత్తగా ఉడికిన అన్నం ఒంట్లో బాగాలేనప్పుడు పెట్టే పథ్యం. ఆవిడ గిన్నె వంకా నా వంకా చూసి, లోపలికి తొంగిచూస్తూ గొంతు తగ్గించి అడిగింది, "ఎవరికమ్మా విరేచనాలు?"